లేలో వేలు

పదిహేడో నంబరు బస్సు ఆఖరి స్టాపులో
నలభై నిమిషాలు ఆగుతుంది.
ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ నలభై నిమిషాల్నీ
సిగరెట్లకీ గళ్లనుడికట్టుకీ పంచిపెట్టాను.
ఎదురుగా రెల్లు, రెల్లు వెనక బాల్టిక్ సముద్రం,
పక్కన బిర్చ్ చెట్లు, స్ప్రూస్ చెట్లు,
వాటిలో ఏవో పిట్టలు.
ఆ "ఏవో" అన్న మాటతోనే
నా వసంతాలన్నీ సరిపెట్టేశాను.

లేలోకి పదకొండేళ్లు.
వాళ్లమ్మ ఆ పక్కనే రెల్లు మోపులు కట్టే పనిలో ఉంది.
బడి వదిలాక, అమ్మ షిఫ్టు దిగేదాకా
స్టాపు బెంచీ మీద ఈ పిల్ల,
మెడలో తాత బైనాక్యులర్. దానికో కన్ను పగిలింది.
"పిట్ట మాత్రం రెండు కళ్లతో చూస్తుందా మనల్ని?
తల పక్కకి తిప్పి ఒక్కదానితోనే గదా."

ఏప్రిల్లో మొదటి పాఠం:
ఆకుపచ్చా కాక గోధుమా కాక
మధ్యలో ఎక్కడో ఆగిపోయిన రంగులో ఓ పిట్ట.
మూడు వారాలకి అచ్చం అలాంటిదే ఇంకోటి.
"ఇవి రెండూ వేరు" అంది.
ఒకే టికెట్టుకి రెండుసార్లు డబ్బులడిగినట్టుంది నాకు.
"కాళ్లు చూడు. దీనివి నలుపు, దానివి లేత రంగు.
కాళ్లు కనబడలేదా, నోరు మూసుకుని విను."
మొదటిది తన పేరే తను జపిస్తుంది:
సిల్క్-సోల్క్, సిల్క్-సోల్క్,
చూరు నీళ్లు రెండు డబ్బాల్లో మార్చి మార్చి పడ్డట్టు.
రెండోది పైమెట్టు మీద ఎత్తుకుని
ఒక్కో మెట్టే దిగుతూ వచ్చి
చివరి మెట్టు మీద మాట మరిచిపోయినట్టు ఆగిపోతుంది.

మర్నాడు తెల్లవారుజామున హాప్సలు డిపోలో
ఇంజను వేడెక్కుతుంటే
గోడ అవతల్నుంచి సిల్క్-సోల్క్.
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు తిరిగి చూశాను.
పేరు పెట్టింది నేనేనని తర్వాత తట్టింది.

తప్పులూ చేశాను.
కంచెకి చిక్కిన పాలిథిన్ సంచీని గుడ్లగూబ అన్నాను.
లేలో నవ్వలేదు. బుద్ధిగా రాసుకుంది:
"సంచీ, తెల్లది, ఒకటి."

రాత్రి ఆఖరి ట్రిప్పులో గడ్డి మైదానం దగ్గర
బస్సాపి ఇంజను కట్టేశాను.
దువ్వెన పళ్ల మీద గోరు గీరినట్టు
చీకట్లో ఒకటే గోల,
ఎప్పుడూ కంటపడని గడ్డికోడి ఒకటి.
ఉన్న ఒకే ఒక్క ప్రయాణికురాలు, ముసలి హిల్యా,
కిటికీ తెరిచి చెవి పెట్టింది.
"మా పెళ్లినాటి రాత్రి
నిద్రపోనివ్వని వెధవ ఇదేనన్నమాట!"

మే చివర, స్ప్రూస్ కింద,
లేలో వేలెత్తింది. "విన్నావా?"
గాలి. స్టాపు రేకు బోర్డు చప్పుడు. అంతే.
"అదిగో మళ్లీ." వేలు లేచింది.
"మళ్లీ." లేచింది.
మా భాషలో దాన్ని బొటనవేలి బుడతడంటారు.
ఇరవై సెంట్ల నాణెమంత బరువు,
నడినెత్తిన పసుపు పాపిడి.
వాడి పాట సూదిమొన మీద నడుస్తుందట.
ముప్ఫై ఒక్క ఏళ్లు డీజిలింజను పక్కన కూర్చున్న చెవిలో
ఆ సూది ఇక దిగదు.
పోయినేడు డాక్టరిచ్చిన కాగితంలో ఒక గీత
కుడిపక్కకి రాగానే కొండచరియలా కూలిపోయింది.
ఆ చరియ కిందే ఎక్కడో ఉందన్నమాట వీడి ఇల్లు.

బాధపడ్డాను, అబద్ధమెందుకు.
రెండు నిమిషాలు.
తర్వాత ఆ వేలిని చూడ్డం మొదలుపెట్టాను.
అది లేస్తే పాట, వాలితే మౌనం.
పాట జరిగిన వైపు వేలూ జరుగుతుంది.
గోరు కొరికిన ఆ చివర్నుంచి గీత గీసుకుంటూ
పైకి, ఇంకా పైకి, ఎడమ కొమ్మకి...
సూదాకుల మధ్య తలకిందులుగా వేలాడుతూ,
ముక్కు తెరిచి, గొంతు కింద ఈకలు అదిరిపోతూ,
నాకు వినబడని పాటంతా
నా ముందే పాడేస్తున్నాడు వాడు.

పుస్తకంలో ఆమె "విన్నాం, ఒకటి" అని రాసింది.
పెన్సిలు తీసుకుని దిద్దాను:
"చూశాను, ఒకటి. విన్నది లేలో వేలు."

ఆ రోజు బస్సు తొమ్మిది నిమిషాలు లేటు.
ఆలస్యానికి కారణం అన్న గడిలో
ఏం రాయాలో ఇంకా తేలలేదు.