ఒరిజినల్

సుబేదారిల మా జిరాక్స్ దుకాణం.
కోర్టు కాయితాలు, కులం సర్టిఫికెట్లు, పహాణీలు,
పేజీకి రెండు రూపాయలు.
ఎనుక గోడకు తెల్ల దుప్పటి, దాని ముందల ప్లాస్టిక్ స్టూలు.
ఫోటో కొట్టేటప్పుడు ఫ్యాను బందు పెడ్త.
దుప్పటి కదిలితె దేశాలు ఒప్పుకోవు.

ముతసిం మొదటిసారి వచ్చింది పోయిన ఎండకాలం.
సూడాన్ పిలగాడు, యూనివర్సిటీల ఫార్మసీ.
నాలుగేండ్ల సంది ఈన్నే.
"అక్కా, చిల్లర లేదు" అనుడు మనోళ్ళ లెక్కనే అంటడు.
వాళ్ళమ్మ లడాయికి ఇల్లిడిసిపెట్టి కైరోల ఉన్నదట,
ఒక్కపారి చూసొస్త అన్నడు.
చూసొచ్చుడే గదా అనుకున్న నేను,
హైదరాబాద్ పోయొచ్చినట్టు.

"చెవులు కనవడాలె అక్కా. నవ్వొద్దట."
కొట్టిన. ఎనిమిది కాపీలు.
నెలకు వాపసొచ్చింది దరఖాస్తు:
ఫోటోల మొఖం పాస్‌పోర్టు మొఖంతోని కలుస్తలేదు.

తప్పు నాది.
ఎవలొచ్చినా రెండు పాయింట్లు తెల్లగ చేసుడు అలవాటు.
పెండ్లిచూపుల ఫోటోలు కొట్టి కొట్టి
వేలు దానంతటదే పోతది ఆ మీట మీదికి,
వాళ్ళు అడగకముందే.
ఆయన ఒక్క మాటనలే.
మళ్ళ స్టూలు మీద కూసున్నడు, అంగీ కాలరు సదురుకున్నడు.
ఆ మీట మీద ఆనాడే టేపు అతికిచ్చిన.

ఇగ కాయితాలు.
కాలేజీ ఉత్తరం. బ్యాంకు లెక్క. ఇంటి ఓనరు సంతకం
(రాజలింగం సారు మేడారం పోయిండు, నాలుగొద్దులు ఆగుమన్నరు).
పోలీసు ఆఫీసుల ముద్ర.
ముద్ర మీద తారీకు మసకైందని ఇంకో ముద్ర.
ఆ దేశపోళ్ళు అడుగుతరట: వస్తె మళ్ళ పోతవని సాక్ష్యమేంది?
ఈ దేశపోళ్ళు అడుగుతరట: పోతె మళ్ళెందుకొస్తవ్?
నాకేమెర్క, దేనికి ఏం చెప్పాలెనో.
రెండు దిక్కుల జిరాక్స్ తీసిన, ముందటిది, ఎనుకటిది.

ఢిల్లీకి రెండుసార్లు పోయిండు, జనరల్ డబ్బల.
ఒకపారి సర్వరు పనిచెయ్యలేదు.
ఒకపారి సెలవు, అది మన పండుగ కాదు, ఆయన పండుగా కాదు.
"కిటికీ అవతలాయన నా దిక్కు చూడనే లేదు అక్కా,
ఫోటో దిక్కే చూసిండు."

ఒకనాడు ఫోన్ల వాళ్ళమ్మను చూపిచ్చిండు.
ఆమె నా దిక్కు చెయ్యి చాపి అరబ్బీల గట్టిగనే ఏదో అన్నది.
ఏమంటున్నది?
"నీ ఫోటోలల్ల నేను బక్కగైతున్ననట."

ఈ పొద్దున షట్టరు సగం లేపిన్నో లేదో వచ్చిండు.
మూడోసారి ఢిల్లీ. ఒక కాపీ తక్కువుందట.
తీసిచ్చిన. పైసలు పెట్టి ఉరికిండు.
ఎనుకనే ఒక తాత, పట్టా పాస్‌బుక్కు పట్టుకొని.
మిషిన్ మూత లేపితె
అద్దం మీద బోర్ల పండుకొని ఉన్నది పాస్‌పోర్టు.

ఫోను కలుస్తలేదు.
తాతనే కుర్చీల కూసోవెట్టిన, దుకాణం జర చూస్కో అని.
ఆటో ఎక్కిన.

నాకు పాస్‌పోర్టు లేదు. వేలమందివి తీసిన గని
ఒక్కదాన్ని ఇట్ల ఒళ్ళె పెట్టుకొని ఏడికీ పోలే.
ఎన్ఐటీ దాటంగ పేజీలు తిప్పిన:
మన దేశం ముద్ర ఒక్కటి,
తర్వాత అంత ఖాళీ, నా దుప్పటి లెక్క,
ఎవలో వచ్చి కూసుంటరని చూస్తున్నట్టు.

ఫాతిమానగర్ బ్రిడ్జి మీద లారీ ఆగిపోయింది.
ఆటో పిలగాడు హారన్ మీద చెయ్యి తీస్తలేడు.
కింద పట్టాలు కనవడ్తున్నయ్, రైలు కనవడ్తలేదు.
పోయిందో, ఇంకా రాలేదో.

ఏడాదంత ఆ పిలగాన్ని ఏడిపిచ్చిన ఆలస్యమా,
కిటికీ కిటికీ కాడ కూసున్నదానివి గదా,
ఈ ఒక్కపొద్దు, పది నిమిషాలు,
కాజీపేట స్టేషన్ల కూసో.