తరం నలభై ఒకటి

పర్లాకిమిడిలో కొమ్ముపనివాళ్ళ సందు చివర
నాది పెళ్ళికార్డుల కొట్టు.
వరుడు ఒడియా, వధువు పాతపట్నం పిల్ల అయితే
కార్డు మీద రెండు లిపులు, ఇద్దరు గణపతులు,
ఒకటే ముహూర్తం.

మాఘమాసంలో ఒక అప్‌డేట్ వచ్చింది.
నేను పిలవలేదు.
పొద్దున్న షట్టర్ ఎత్తేసరికి
'శ్రీ' కింది క్రావడి పక్కకి జరిగి కూర్చుంది.
బిసోయిగారి మూడొందల కార్డులు చిత్తుకాగితాలయ్యాయి.
నిన్న ఏ అమరికలో ఉన్నానో
మిషనుకి గుర్తులేదు, నాకూ లేదు.

అప్పుడు మొదలుపెట్టాను గీక్స్.
ఒకేసారి కాపురం మార్చలేదు.
ఉన్న డెబియన్ ఇంట్లోనే ఒక మూల అడిగి
పక్కవీధికి మారే ఇల్లాలు
రోజుకో గిన్నె కొంగుచాటున పట్టుకెళ్ళినట్టు
మొదట ఎడిటర్,
వారానికి ఫాంట్లు,
వైశాఖం వెళ్ళేలోగా ఇంక్‌స్కేప్.
పాతది ఏమీ అనలేదు. అలిగిందేమో.

దీని పద్ధతి వేరు.
ఎలా చెయ్యాలో చెప్పక్కర్లేదు,
ఏముండాలో రాసివ్వాలి.
వంటమేస్త్రి గౌరంగకి మా అమ్మ ఇచ్చే చీటీలాగ:
రెండొందల ఆకులు, దప్పళం, డాల్మా,
వంకాయ, ఉల్లి లేకుండా.
పొయ్యి ఏ మూల తవ్వుతాడో ఆవిడకి అనవసరం.
చీటీలో లేనిది పంక్తిలోకి రాదు.

ఆ చీటీ నిండా బ్రాకెట్లే.
తెరిచినవన్నీ మూయాలి,
ఒక్కటి తగ్గినా ఒప్పుకోదు.
పక్కకొట్టు హాడిబంధు మహారణా
కొమ్ముని సెగ చూపించి వంచుతూ వంచుతూ లేచొచ్చి
నా భుజం మీంచి తొంగిచూశాడు.
"ఇయన్నీ దున్నపోతు కొమ్ములే గదేటి దమయంతమ్మా,
జతలు సూసి పెట్టడమే గదా."
ఇంతకన్నా తేటగా నాకెవరూ చెప్పలేదు.

కార్డులకొచ్చిన లచ్చుమునాయుడు అడిగాడు,
"ఇదంతా ఉచితమా?"
ఆ మాటని నోట్లో అటూ ఇటూ తిప్పాను.
డబ్బు పుచ్చుకోనిదీ ఉచితమే,
తగినదీ ఉచితమే.
"డబ్బు లేదు. కానీ అందుకోసం కాదు.
విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు,
మార్చింది నీకూ ఇవ్వొచ్చు."
అతను కవరు వాసన చూసి
"గంధం తక్కువైంది" అని వెళ్ళిపోయాడు.

అన్నీ కుదరలేదు.
వైఫై చిప్పుకి మూసిన పెట్టెలోంచి ఏదో కావాలి,
ఆ తాళంచెవి ఏ దేశంలో ఎవరి బొడ్లో ఉందో.
మేడ మీంచి కిటికీ గుండా తీగ లాగాను.
దాని మీద మా తోడికోడలు జాకెట్లు ఆరేస్తుంది.
కట్టి ఉంచినది దొరకని రోజు
మూలం నుంచి తనే కట్టుకుంటుంది,
రాత్రంతా ఫ్యాను హోరు,
మహేంద్రతనయకి నీళ్ళొచ్చినట్టు.
రెండింటికి కరెంటు పోయింది.
మళ్ళీ మొదటినుంచి.

మార్చిన ప్రతిసారీ దాన్ని ఒక తరం అంటుంది.
నలభై రెండో తరంలో ఒడియా 'ళ' విరిగింది.
వెనక్కి అన్నాను, ఒకే ఒక్క మాట.
నలభై ఒకటి అక్కడే ఉంది,
చీర కుచ్చిళ్ళైనా చెదరకుండా.

మా తాతమ్మ కాపురానికొచ్చినప్పుడు
ఈ ఊరు మద్రాసులో ఉండేది.
ఒకరోజు ఎసరు మరిగేలోగా ఒరిస్సా అయింది.
ఆవిడని ఎవరూ చీటీ అడగలేదు.
పోయేదాకా ఉత్తరాల మీద మద్రాసనే రాసేది.
ఉత్తరాలు చేరేవి.

ఈ రాత్రి పాత ఇంట్లో మిగిలినవి లెక్కపెట్టాను.
ప్రింటరు, దాని డ్రైవరు మూగది.
బిల్లుల ఖాతా.
ఇంకా మా నాన్న
బరంపురం వెళ్ళి డబ్బు కట్టి తెచ్చిన తెలుగు ఫాంటు.
ఎవరికీ ఇవ్వకూడదని దాని షరతు,
విప్పి చూడకూడదని ఇంకొకటి.
అందులో 'శ్రీ' ఒక్కటీ ఎంత బాగుంటుందో.

కొత్త చీటీలో దాన్ని రాయకూడదు.
రాయకుండా ఉండలేను.
బ్రాకెట్ ఒకటి తెరిచి పెట్టి
అన్నానికి లేచాను.