డ్యామేజీ ఖాతా

రువైస్ క్యాంపుల నేను స్టోరు చూసేటోణ్ణి.
పగులువట్టిన హెల్మెట్, పోగు తెగిన బెల్టు,
పళ్లరిగిన క్లాంపు
ఎవ్వరి చేతికీ ఇయ్యద్దు. ఎర్ర పెన్నుతోటి కొట్టెయ్యాలె.
పదకొండేండ్లు కొట్టేసిన.
నేనిచ్చిన హెల్మెట్ కింద ఒక్క తలకాయ పగల్లే.
ముందుగాల ఈ మాట చెప్పుకోనియ్యిండ్రి,
తర్వాతది చెప్పుడు కష్టం.

శుక్రవారం మాపటీలి వాలీబాల్.
స్కాఫోల్డింగ్ పైపులకు వల,
కాలిన ఇంజనాయిలుతోటి ఇసుకల గీసిన గీతలు,
సైటుకెంచి అడుక్కొచ్చిన టవర్ లైటు.
సముద్రం మీదికెంచి వచ్చే ఉక్కకు
బంతిని పట్టుకుంటె చేపను పట్టినట్టుండేది.
మా లిఫ్టరు లింబాద్రి.
బాల్కొండ దిక్కు పిలగాడు, రాడ్లు కట్టే పని.
మూడు మాటలకు మించి మాట్లాడడు.
ఎగిరేటోడు ఎంత ఎత్తుకు ఎగురుతడో
ఎగిరేటోని కంటె ముందు వీనికి ఎరుక.
బంతి పోయి ఆడ నిలవడేది,
కొట్టేటోని కోసం చూస్తున్నట్టు.

ఆ ఏడు ఎనిమిది క్యాంపుల పోటీ.
తొమ్మిది రోజులుందనంగ
పైపు జారి కుడిచెయ్యి మీద పడ్డది.
నడిమివేలు, ఉంగరం వేలు.
సిమెంటు దుమ్ము పట్టిన కట్టుతోటి
స్టోరు కిటికీకాడికి వచ్చిండు.
"ఆడుత అన్నా."
ఇరవై లీటర్ల నీళ్ల క్యాను కౌంటరు మీద పెట్టిన.
"లేపు" అన్న.
డాక్టరును గాను, కోచును గాను,
నాకు వచ్చిన పరీక్ష అదొక్కటే.
క్యాను జానెడు లేచి జారింది.
నీళ్లన్నీ రిజిస్టరు మీద పారినయ్.
తడికాయితం మీదనే ఎర్రగీత గీసిన,
పక్కన కురియాకోస్ పేరు రాసిన.
లింబాద్రి వంగి
ఎడమచేత్తోటి మూత దొరకవట్టి, క్యానుకు తిప్పి,
పోయిండు.

కప్పు మేమే గెల్సినం. దాస్తె ఏం లాభం?
ఇప్పటికీ ఆ స్టోరులనే ఉన్నది,
నట్లు బోల్టులు ఏసుకుంటున్నరు అందుల.

అగ్రిమెంటు అయిపోంగనే జుబైల్ పోయిండని విన్న,
లాండ్రీ కంపెనీల, దుప్పట్లు మడత పెట్టుడు.
వేళ్లు వంకర అతికినయట.
ఆ వంకరకే పని నేర్పిండట,
రాత్రిపూట, దుప్పట్ల గోదాముల,
గోడకు బంతి కొట్టుకుంట రెండేండ్లు.
ఇంక ఆ బంతి ఎటు పోతదో
ఎదుటోళ్లకు అంతుచిక్కలే:
చెయ్యి కుడికి చెప్తది, బంతి ఎడమకు పోతది.
దమ్మాములనట, మనామలనట,
బస్సు డ్రైవర్లు మోసుకొచ్చేటోళ్లు కథలు.
మస్కట్‌ల ఒక ఈజిప్టు కోచు
మొఖం ఒదిలిపెట్టి ఆ రెండు వేళ్లనే ఫోటో తీసుకున్నడట.
నేను రసీదులు రాసుకుంట వినేది.
ఒకసారి ఒకే గ్లౌజుల పెట్టెను రెండుసార్లు లెక్కవెట్టిన.

నన్ను అల్ ఖోర్ ప్రాజెక్టుకు తోలిన ఏడు
ఫైనలు అక్కడ్నే వడ్డది.
బోర్లిచ్చిన పెయింటు బకెట్ మీద కూసోని చూసిన.
ఏమని చెప్పాలె?
నా ఖాతాల రెండే గడులుండె,
వీడు రెండిట్ల ఏ గడిలా పట్టలే.

ఆట అయినంక పోయిన.
ఆ పేజీ చింపి దాచుకున్న ఇన్నేండ్లు.
చూపిద్దామని జేబులకెంచి తీసిన.
ఆనాటి నీళ్లకు పేర్లన్నీ అలుక్కుపోయినయ్,
ఎర్రగీత ఒక్కటే సాపుగున్నది.

టవలుతోటి మెడ తుడుసుకుంట చూసిండు.
"నువ్వు రాసింది కరెక్టే అన్నా.
ఆ చెయ్యి పనికి రాకుండె.
ఇది వేరే చెయ్యి."

అది మాఫీనో, కాదో
ఇప్పటిదాంక నాకు తెల్వది.
కాయితం మడత పెట్టి నా చేతికే ఇచ్చిండు,
దుప్పటి మడిచినంత సక్కగ, అంచుకు అంచు కలిపి.
బస్సు హారను కొట్టవట్టె.
నాలుగడుగులు ఏసి తిరిగిండు:
"కురియాకోస్ మంచిగున్నడా?
మంచి లిఫ్టరుండె."