యజమాని గడి

ఘాలాలో మూడో అంతస్తు.
ఏసీ చలికి భుజాల చుట్టూ శాలువా కప్పుకొని
నేను మబ్బుల లెక్క చూస్తుంటాను.
కిటికీ అవతల మార్చి నుంచి ఒక్కటి కనపడితే ఒట్టు.

మా కంపెనీ రోడ్లేస్తుంది.
రోడ్డుకి ఇన్ని కంప్యూటర్లు కావాలని
మస్కట్ వచ్చాకే నాకు తెలిసింది.
అవి మావి కావు, ఎక్కడో అద్దెకున్నాయి,
గంటకింత, గిగాబైట్‌కింత,
కుళాయి కట్టేసినా మీటరు తిరిగే రకం.

నా తెర మీద మెట్లు మెట్లుగా రంగులు.
ఎనభై శాతం దాటితే పసుపు,
నూరు దాటితే ఎరుపు, ఆపైన
హమూద్ సార్ కుర్చీ కిర్రుమంటుంది.
నిద్రపోయే సర్వర్లు, ఎవరూ తెరవని డిస్కులు,
పరీక్ష కోసం పుట్టి పరీక్షయ్యాకా బతికే డేటాబేసులు.
మడి నిండి, కాలవ పొర్లి, డొంకంతా బురదైనా
ఆపడం మరిచిన మోటార్లు.
ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందంటారు మావైపు.
ఇక్కడ చావదు. మేస్తూనే ఉంటుంది.

అందుకే ప్రతిదాని మెడకీ ఓ చీటీ కట్టాలి:
ఏ పని, ఏ విభాగం, యజమాని ఎవరు.
చీటీ లేనిది దొరికితే
పద్నాలుగు రోజులు గడువు, తర్వాత కోత.
నియమం రాసింది నేనే.
మొదటి నెల్లో పదకొండు వందల రియాళ్లు మిగిల్చానని
నాకొక ఖర్జూరాల డబ్బా ఇచ్చారు.

జూన్ తొమ్మిదిన అది దొరికింది.
నెలకి నాలుగు రియాళ్ల నూట అరవై బైసాలు.
అతి చిన్న సైజు. చీటీ లేదు.
యజమాని గడి ఖాళీ.
పనిముట్టు తీర్పు చెప్పేసింది, దండగ అని.
రోజంతా నిద్ర.
పన్నెండుంబావుకి ఒక్క అర నిమిషం కదులుతుంది,
అదీ ఎండాకాలం మూడు నెలలే.

ఆ అర నిమిషం ఏం చేస్తుందో చూద్దామని
తలుపు తీశాను.
నలభై మూడు ఫోన్ నంబర్లు.
నాలుగు భాషల్లో ఒకటే మాట, మూడోది తెలుగు:
"పన్నెండున్నర కావస్తోంది. పార దించండి. నీడకి రండి.
మూడున్నర దాకా ఎవరు పిలిచినా లేవొద్దు."
అడుగున రాసినవాడి పేరు, షఫీవుల్లా.
కాంట్రాక్టు అయిపోయి వెళ్ళి రెండేళ్ళు.

బర్కా సైటుకి, పెంచలయ్య మేస్త్రీకి ఫోన్ చేశాను.
"అదా మేడం, ఆ మెసేజీ రాంగానే ఫోనెత్తి
సూపర్‌వైజర్ మొగానికి చూపిస్తాం.
కంపెనీ పంపింది సార్ అంటాం.
కంపెనీ కాదా, అయితే?"

ఏం చెప్పను.
అతని వెనక రోలర్ చప్పుడు.

ఖాళీ గడిలో కర్సర్ మిణుకుతోంది.
షఫీ పేరు రాస్తే ఒప్పుకోదు, ఉద్యోగి కాడు.
భద్రతా విభాగం అని రాస్తే వాళ్ళు మీటింగు పెడతారు,
ఈలోగా ఆగస్టు అయిపోతుంది.
వకుళ, అని కొట్టాను.
ఒక అక్షరం తప్పు పడింది, దిద్దాను.
పని అన్న గడిలో, కాసేపాగి, "నీడ".

నెలాఖరు నివేదికలో ఎర్రగీత ఈసారి
నా పేరు మీదే పడింది.
సంజాయిషీ రాసిచ్చాను, బిల్లు కన్నా పొడుగైంది.

ఆ జాబితాలో నలభై నాలుగో నంబరు ఇప్పుడు నాది.
పన్నెండుంబావుకి బల్ల మీద ఫోను వణుకుతుంది,
పార దించండి అంటుంది.
శాలువా సర్దుకుంటాను.
దించడానికి నా చేతిలో ఏముంది,
మౌస్ తప్ప.