ఖాళీ గోతాం మీద పటం

వేసవి సెలవులయ్యాక మిర్చి యార్డు తెరిచిన రెండో రోజు
గుంటూరులో తుంపర మొదలైంది.
తేజ బస్తాల మీద పట్టాలు కప్పమని షావుకారు కేకలు.
నేను గుమాస్తాని,
పద్దుపుస్తకం తడవకుండా చంకలో పెట్టుకుని పరిగెత్తాను.
ఖాసింపీరా మాత్రం షెడ్డు బయటే
మొహం పైకెత్తి నిలబడ్డాడు.
పంతొమ్మిదేళ్ళు సలాలాలో నీళ్ళ ట్యాంకరు నడిపి
పోయినేడు సంగడిగుంటకి తిరిగొచ్చినవాడు,
ఇప్పుడు మా కొట్టులో హమాలీ.

"ఏం పీరా, జలుబు చేస్తది, లోపలికి రా."
"ఖరీఫ్" అన్నాడు.
అవును, ఖరీఫే. విత్తనాల అప్పులు రాసే కాలం.
"ఈ ఖరీఫ్ కాదు గుమాస్తా గారూ, అక్కడిది."

నేల మీద రాలిన మిరపగింజలు గుప్పెడు తెచ్చి
ఖాళీ గోతాం మీద పోశాడు.
వేలితో సర్దుతుంటే ఒక నేల తయారైంది,
ఎవరో విడిచేసిన పాత బూటులా.
మడమ యెమెన్, బొటనవేలు ఒమన్.
మధ్యలో గింజలన్నీ ఉఫ్‌మని ఊదేశాడు.
"ఇది రుబ్ అల్ ఖాలీ.
ఖాలీ అంటే ఖాళీయే, మన గోతాం ఎట్లానో అట్లా.
ఊరు లేదు, బావి లేదు,
గాలేస్తే రాత్రిపూట ఇసుక మూలుగుద్ది."

బడిలో నేను చూసిన పటంలో
అదంతా ఒకటే గోధుమరంగు.
సారు బెత్తంతో ఒకసారి తట్టి
"ఎడారి, ఒంటెలు, ఖర్జూరాలు" అని
పేజీ తిప్పేశాడు.

పీరా వేలు దక్షిణపు అంచుకి జరిగింది.
"ఇక్కడ మూడు నెలలు పొగమంచు.
బోడి కొండలు చూస్తూ చూస్తూ పచ్చబడతయ్యి.
రోడ్డు పక్కన కొబ్బరిబోండాలు, అరటిగెలలు,
తెనాలి దారిలో ఉన్నట్టే ఉంటది.
దుబాయ్ నుంచి, రియాద్ నుంచి
కార్లేసుకుని సంసారాలకి సంసారాలు దిగుతయ్యి.
ఏం చూడ్డానికనుకున్నారు?
తుంపర!
గడ్డిలో చాప పరిచి, గొడుగన్న మాటే లేకుండా
ముసలాళ్ళు, పసోళ్ళు,
నల్లబట్టల్లో తల్లులు చేతులు చాచి పట్టుకుంటారు వానని.
మనమేమో పట్టాలు కప్పుతున్నాం."

అదే గాలి ఇటొస్తదట,
సముద్రం దాటి, కేరళ కొండలెక్కి దిగి,
అలిసిపోయి మన నెత్తిన.

సాంబ్రాణి సంగతీ చెప్పాడు.
చెట్టు బెరడు గీరితే పాలచుక్కలు,
బంకయ్యాక గిల్లుకుంటారట.
శుక్రవారం తలంటి
మా అమ్మ తడిజుట్టుకి పట్టించుకునే పొగ
ఆ కొండదేనా?
కావొచ్చు, కాకపోవచ్చు. కొట్టువాడినడగాలి.

"మరి జీతం బాగానే ఇచ్చేవాళ్ళా?"
నాది గుమాస్తా బుద్ధి కదా.

నవ్వాడు.
"ఆఖరి ఏడు నెలలది ఇవ్వలేదు.
వచ్చేసే రోజు కోపంలో అరబీ అంతా మర్చిపోయాను.
తెలుగులోనే అరిచాను, బాకీ, నా బాకీ అని.
ఆ మాట వాళ్ళదే కదండీ.
అర్థమైంది ఆయనకి.
అర్థమయ్యే తల తిప్పుకున్నాడు."

చంకలో పద్దుపుస్తకం బరువెక్కింది.
జమ, వసూలు, రైతు, దలాలు, తారీఖు.
ముప్పై ఏళ్ళుగా
తెలుగు రాస్తున్నాననుకున్నాను.

టీ కుర్రాడొచ్చాడు.
తాగేసి పీరా ఖాళీ గ్లాసుని
వేళ్ళ మధ్య అటూ ఇటూ ఊపాడు.
అక్కడ, ఏలకుల కావా పోసే ఇంట్లో
అది ఇక చాలన్న గుర్తట,
ఊపకపోతే పోస్తూనే ఉంటారట.
మా కుర్రాడికేం తెలుసు, మళ్ళీ నింపాడు.
పీరా వద్దనలేదు.

షావుకారు పిలిచాడు.
గోతాం దులిపి భుజాన వేసుకుంటే
యెమెన్, ఒమన్, ఆ పచ్చకొండలూ
తడి సిమెంటు మీద రాలాయి.
ఘాటుకి నాకు తుమ్ములు.

సాయంత్రం పుస్తకం తెరిస్తే
షేక్ ఖాసింపీరా అన్న పేరెదురుగా
సెలవులకి ముందు వారం కూలి
ఇంకా అక్కడే ఉంది,
నా చేతిరాతలో,
వాళ్ళ మాటతో.