నాలుగింటి చప్పుడు

మార్చిలో మొదలైంది.
ముందు చిన్న చిటపట, వేడి నూనెలో ఆవాలు పడ్డట్టు.
వారం తిరిగేసరికి గురక.
ఈస్టర్ నాటికి నా పాత ఓపెల్ తాళం తిప్పితే చాలు
సందులో కిటికీ తలుపులన్నీ పళ్ళు కొరికేవి.

సెతూబల్‌లో నాలుగింటికి లేచేది
చేపలు దింపేవాళ్ళు, రొట్టెలు కాల్చేవాళ్ళు,
ఆ చేపలు కొని మార్కెట్లో బల్ల మీద పరిచే నేను.
ఇప్పుడు నా కారు పుణ్యమా అని
సందు సందంతా.

వెనక సీటులో మంచు పెట్టెలు, ముందు సీటులో పొగ.
అద్దాలు దించి నడిపితే చెవులు గడ్డకట్టేవి,
ఎత్తి నడిపితే తల దిమ్ము.
నడుమ దారి లేదు, నడుము విరిగిన గొట్టమే ఉంది.

ఒకరోజు వైపర్ కింద చీటీ.
"జుల్మీరా, నీ కారు చచ్చిపోతే
పూలు నేను కొంటాను."
సంతకం లేదు.

ఊరి బయట పెద్ద గ్యారేజీకి వెళ్ళాను.
తెల్లటి నేల, కాఫీ యంత్రం,
చేతులకు మరక లేని కుర్రాడు.
పలకలాంటి ఫోనులో వేలు ఆడించి
"మొత్తం లైను మార్చాలండీ, నాలుగు వందల ఎనభై" అన్నాడు.
"కారు అమ్మితే అయిదు వందలు రావు బాబూ."
నవ్వాడు.
ఆ నవ్వుకి బిల్లు వెయ్యలేదు, అదే పదివేలు.

పల్మేలా దారిలో పాత ఇనుప సామాన్లవాడు
తొంభైకి ఒక సైలెన్సర్ చూపించాడు.
అంగుళం తేడా.
గొట్టాల లోకంలో అంగుళమంటే ఆమడే.

మా వదిన బెల్మీరా మొగుడికి అన్నీ తెలుసు.
డబ్బాలో పేస్టు తెచ్చి, వేలితో పూసి, ఊది,
"పెళ్ళికి కూడా వెళ్ళొచ్చు దీంతో" అన్నాడు.
రెండో స్పీడ్ బ్రేకర్ దగ్గర పెచ్చు ఊడింది.
పన్నెండు యూరోలు రోడ్డు పాలు.
ఇన్‌స్పెక్షన్‌కి ఇంకా తొమ్మిది రోజులు.

ఎర్మీనియూ పేరు చెప్పింది రొట్టెల కొట్టు ఆవిడ.
ఒకప్పుడు ఓడల కర్మాగారంలో వెల్డరు.
అది బక్కచిక్కాక ఇళ్ళకి గేట్లు అతుకుతున్నాడు.
అట్టముక్క పరిచి కారు కిందకి జారాడు.
నాకు కనబడింది రెండు బూట్లే.
కణుపులతో గొట్టాన్ని తట్టుకుంటూ పోయాడు,
డాక్టరు ఛాతీ తట్టినట్టు.
టంగు, టంగు, టంగు, టక్కు.
"తుప్పు ఇక్కడిదాకే.
మిగతాది నీకన్నా నాకన్నా గట్టిది."

ఏదో పడవ కటకటాల ముక్క కోశాడు.
"అటు తిరుగు" అన్నాడు.
తిరిగాను.
గోడ మీద నీలం వెలుగులో
నా నీడ వణికింది, అతని నీడ వణకలేదు.
ఓడ పొట్టకి అతుకు వేసిన చెయ్యికి
నా ఓపెల్ ఒక లెక్కా.

"ఎంత?"
గొంతు తగ్గించి అడిగాను, అలవాటు తప్పిన గొంతు.
"ఇరవై అయిదు. రెండు కిలోల కటిల్ ఫిష్.
సిరా తియ్యకుండా ఇవ్వు, మా ఆవిడ అన్నంలోకి."

మర్నాడు నాలుగింటికి తాళం తిప్పితే
స్టార్ట్ కాలేదేమో అనుకున్నాను.
అంత నిశ్శబ్దం.
సముద్రపు పక్షులు కూడా వినబడ్డాయి.

నాలుగో రోజు మార్కెట్లో
ఎదురింటి ఇల్డా నా బల్ల ముందు నిలబడింది.
లిస్బన్‌లో ఆఫీసులు తుడవడానికి
అయిదు గంటల బస్సు ఎక్కే మనిషి
ఈ పొద్దెక్కాక ఇక్కడేంటి?

"కారు పోయిందా?"
"బాగైంది."
"ఆహా."
సార్డిన్ల కళ్ళలోకి చూస్తూ చాలాసేపు ఉండిపోయింది.
"అలారానికి లేవను నేను. నీకు లేచేదాన్ని.
రెండు రోజుల కూలి పోయింది."
ఆగి,
"ఆ చీటీ నాదే" అంది.

పూలు కొనమని అడగలేదు.
అరకిలో సార్డిన్లు పొట్లం కట్టిస్తే
డబ్బులు ఇవ్వబోయింది, ఇద్దరం కాసేపు పోట్లాడుకున్నాం.

ఇప్పుడు కారెక్కే ముందు
ఆమె కిటికీ చెక్క మీద కణుపులతో రెండు దెబ్బలు.
టంగు కాదు, టక్కూ కాదు, మనిషి నిద్ర చప్పుడు.
దీపం వెలిగాక బయల్దేరతాను.

ఇన్‌స్పెక్షన్ సంగతి అడుగుతారేమో.
సైలెన్సర్ పాసైంది.
వైపర్ బ్లేడు తప్పింది.