బెత్తెడు రబ్బరు

ఆటోనగర్‌లో పొద్దున్నే షట్టరెత్తితే
ముందు బయటికొచ్చేది వాసన.
ముప్పయ్యేళ్లుగా నా అన్నంలో కూడా ఉందది.
నాన్న అరిగిన లారీ టైర్లకు కొత్త తొక్కు వేసేవాడు,
నేను కొత్తవే అమ్ముతాను.
అంతే ఎదిగాం.

ఆ వేళ గుంటూరు నుంచి భావన్నారాయణగారు వచ్చారు,
మిర్చి కోల్డ్ స్టోరేజీల ఆసామి.
నల్లటి జర్మనీ కారు.
దాని తలుపు మీద మా వీధంతా
వంకర తిరిగి కనబడుతోంది.
"పంతొమ్మిది మరీ చిన్నవైపోయాయి మస్తానూ,
ఇరవై ఒకటి వెయ్యి" అన్నారు,
చెప్పుల సైజు చెప్పినట్టు.

లారీవాళ్లు మొదట అడిగేది
ఎన్ని వేల కిలోమీటర్లొస్తుందని.
ఈయన నాలుగడుగులు వెనక్కేసి
కళ్లు చికిలించి,
"చూట్టానికెలా ఉంటుంది?" అన్నారు.

టైరు చెంప చదివి వినిపించాను.
రెండొందల డెబ్బయి అయిదు, ముప్పయి, ఇరవై ఒకటి.
చివర వై అనే అక్షరం,
గంటకు మూడొందల కిలోమీటర్లని ఒట్టు.
ఇందాక బెంజి సర్కిల్ దాటటానికి
ఆయనకు ఇరవై రెండు నిమిషాలు పట్టిందట.
పక్కన గుడ్డు ఆకారంలో నాలుగంకెలు,
ఏ ఏడు, ఏ వారం పుట్టిందో.
జాతకమే, కాకపోతే దక్షిణ అడగదు.

సార్, చక్రం పట్టే చోటు
కంపెనీవాడు ఇచ్చినంతే.
లోపల లోహం పెరిగితే పైన రబ్బరు తగ్గాలి.
లేదంటే మీటరు ముల్లు అబద్ధాలు మొదలెడుతుంది.
రబ్బరు తగ్గితే గాలి తగ్గుతుంది.
గాలే కదా సార్ మిమ్మల్ని మోసేది,
నాలుగు అరచేతులంత నేల మీద.
ఇక మన మే నెలంటారా, రోడ్డు పెనం.
వేగం కోసం చేసిన మెత్తటి సరుకు
ఇక్కడ సబ్బులా అరుగుతుంది.

ఆయన వింటూనే ఉన్నారు,
ఫోన్లో ఎవరిదో కారు ఫొటో పెద్దది చేసుకుంటూ.

కంప్రెషర్ పక్కన నిలబడ్డ డ్రైవరు ఏసుపాదం
వచ్చి గొంతుక్కూచున్నాడు.
కొత్త టైరుకు నూగు వెంట్రుకలుంటాయి,
పురిటి బిడ్డకున్నట్టు.
ఒకటి పీకి పారేసి,
పాత టైరు చెంప మీద వేళ్లానించాడు.
ఆరు పట్టాయి.
కొత్తదాని మీద పెట్టాడు.
నాలుగు. బెత్తెడు.
అలా పెట్టిన చెయ్యి తియ్యలేదు.
వారధి అతుకులూ, కాజ టోల్‌గేటు దాటాక గతుకూ,
రాత్రి రెండింటికి వానలో
యార్డు వెనక నీళ్లు కప్పేసిన గుంటా
ఆ నాలుగు వేళ్ల కింద ఒక్కొక్కటీ
లెక్కపెట్టుకుంటున్నాడని నాకనిపించింది.

"ఇరవై వెయ్యనివ్వండి సార్.
రెండొందల నలభై అయిదు, నలభై.
పాతదానికి ఒక్క మిల్లీమీటరే తేడా.
అయిదు వేళ్లు మిగులుతాయి."

భావన్నారాయణగారు ఫోను జేబులో పెట్టి
"నువ్వేమంటావురా?" అన్నారు.
ఆ మాట ఆయన నోటికి కొత్తనుకుంటా,
ఏసుపాదం వెనక్కి తిరిగి చూశాడు
ఇంకెవర్నో అడిగారేమోనని.
తర్వాత తల గోక్కుని,
"బండి మీదండి. నడుం నాదండి."

ఆయన పెద్దగా నవ్వారు.
నవ్వాక ఇరవై ఒకటే బిగించమన్నారు.

బిగించాను. నా పని అది.
మిషన్ మీద తిప్పి, సున్నా వచ్చేదాకా
సీసం ముక్కలు అంటించాను.
నిజం చెప్పొద్దూ, కిందికి దింపితే
బండి చిరుతలా ఉంది.
వీధి వీధంతా పని ఆపి చూసింది.
నేనూ చూశాను.

డబ్బు కట్టించుకుంటుంటే
ఏసుపాదం కౌంటరు మీదికి వంగి
"పాతవి అమ్మెయ్యకండి" అన్నాడు మెల్లిగా.

చక్రాలతో సహా నాలుగూ అటకెక్కించి
సుద్దతో ఆయన పేరు రాసి పెట్టాను.
గాలి తియ్యలేదు.
వానలింకా మొదలవలేదు.